పశువు గుండె చప్పుడు, నాడి, శ్వాస, జ్వరం: పాడి రైతు ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి

పశువు మేత మానేసిందని, పాలు తగ్గించిందని పశువైద్యుడికి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగేది "జ్వరం ఎంత ఉంది?" అని. చాలామంది రైతులు "ఒళ్లు కాలిపోతోందండీ" అనో, "చెవులు చల్లగా ఉన్నాయండీ" అనో చెబుతారు. ఈ సమాధానం డాక్టరుకు అంతగా ఉపయోగపడదు. ఎండలో కట్టేసిన గేదె ఒళ్లు జ్వరం లేకపోయినా కాలుతుంది. చలికాలం తెల్లవారుజామున 104 డిగ్రీల జ్వరం ఉన్న ఆవు చెవులు కూడా చల్లగానే తగలవచ్చు. అదే "ఉదయం 6 గంటలకు 105, నాడి 96, నిన్న సాయంత్రం నుంచి నెమరు లేదు" అని చెబితే డాక్టరు బయలుదేరే ముందే ఏ మందులు సర్దుకోవాలో నిర్ణయించుకోగలరు.

ఈ వ్యాసం పశువైద్యం నేర్పడానికి కాదు. ఇంట్లో ఒకటి రెండు పాడి పశువులో, పదీ ఇరవై మేకలో ఉన్న రైతు తన కొట్టంలోనే చూసుకోగలిగిన నాలుగైదు గుర్తుల గురించి, వాటితోపాటు చాలామందికి తెలియని గుండె చప్పుడు గురించి రాశాం. ఇందుకు కావాల్సినవి ఒక థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం లేదా సెల్‌ఫోన్, కాస్త ఓపిక. స్టెతస్కోపు ఉంటే మంచిదే, కానీ మొదట కొనాల్సింది అది కాదు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత ఉండాలి?

విశ్రాంతిగా ఉన్న పెద్ద ఆవులో శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. గుండె నిమిషానికి 50 నుంచి 80 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 15 నుంచి 30 సార్లు ఆడుతుంది.

గేదె (బర్రె) ఒళ్లు ఆవు కంటే కొంచెం చల్లగా, సుమారు 100 నుంచి 101.5 డిగ్రీలు ఉంటుంది. నాడి కూడా తక్కువే, 40 నుంచి 60 మధ్య. శ్వాస దాదాపు ఆవులాగే.

గొర్రె, మేకల్లో ఉష్ణోగ్రత 102 నుంచి 103.5 డిగ్రీలు, నాడి 70 నుంచి 90, శ్వాస 15 నుంచి 30. కాబట్టి మేకకు 103 డిగ్రీలు జ్వరం కాదు, అదే గేదెకు జ్వరమే.

లేగదూడల లెక్క వేరు. పుట్టిన మొదటి వారాల్లో గుండె నిమిషానికి 100 నుంచి 120 సార్లు కొట్టుకోవడం మామూలే. శ్వాస కూడా పెద్ద పశువు కంటే ఎక్కువే ఉంటుంది. ఉష్ణోగ్రత 103 వరకు ఉండవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఇవన్నీ తగ్గుతాయి.

ఈ అంకెలు అందరికీ వర్తించే హద్దులు. వీటికంటే మీకు ఎక్కువ పనికొచ్చేది మీ పశువు సొంత లెక్క. అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే మూడు రోజులపాటు పొద్దున, సాయంత్రం చూసి గోడ మీదో, పాల లెక్క రాసే పుస్తకంలోనో రాసిపెట్టుకోండి. ఎప్పుడూ 100.5 ఉండే గేదెకు 102.5 వచ్చిందంటే అది రెండు డిగ్రీల పెరుగుదల. ఆ గేదె మామూలు లెక్క తెలియని వాళ్లకు ఈ తేడా కనిపించదు.

థర్మామీటరు పెట్టే తీరు

పశువుకు ఉష్ణోగ్రత ఆసనం ద్వారానే చూడాలి. మనుషులకు వాడే డిజిటల్ థర్మామీటరు చాలు, కానీ దాన్ని పశువులకే వేరుగా ఉంచాలి. పాదరసం ఉన్నదైతే ముందుగా విదిలించి పాదరసాన్ని కిందికి దించాలి. చాలామంది ఈ పని మరిచిపోయి నిన్నటి జ్వరాన్నే ఈరోజు కూడా చదువుతారు. గాజుది లోపల విరిగే ప్రమాదం కూడా ఉంది కాబట్టి డిజిటల్‌దే మేలు.

పశువును కదలకుండా కట్టి, వెనకగా కాకుండా పక్కగా నిలబడి, తోకను మెల్లగా పక్కకు ఎత్తాలి. థర్మామీటరు కొనకు కొబ్బరినూనె గానీ వాజలిన్ గానీ రాసి, తిప్పుతూ రెండు మూడు అంగుళాలు లోపలికి పంపాలి. కొన పేడలో గుచ్చుకుంటే అంకె తక్కువ చూపుతుంది. అందుకే కొద్దిగా ఒక పక్కకు వంచి పేగు గోడకు తగిలేలా పట్టుకోవాలి. పాదరసం థర్మామీటరైతే రెండు నిమిషాలు, డిజిటల్‌దైతే బీప్ వచ్చేదాకా. చివర దారం కట్టి, ఆ దారాన్ని క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలిస్తే జారి లోపలికి పోదు, కింద పడి పగలదు. తీశాక సబ్బు, చల్లటి నీళ్లతో కడగాలి. ఆ తర్వాత డెట్టాల్ నీళ్లలో ముంచి తుడవాలి. వేడినీళ్లతో కడిగితే పాదరసం థర్మామీటరు పగిలిపోతుంది.

సాయంత్రం ఉష్ణోగ్రత పొద్దుటి కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు ఎక్కువ ఉంటుంది. ఎండలో నడిచి వచ్చిన పశువుకు, ఎదలో ఉన్న పశువుకు కూడా పెరుగుతుంది. నీడలో అరగంట, గంట సేపు ఉంచాకే చూడాలి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. నిండుచూడి పశువుకు రోజూ ఒకే వేళకు చూస్తూ ఉంటే, ఈనడానికి సుమారు ఒక రోజు ముందు ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గడం గమనించవచ్చు. ఆ రాత్రి కొట్టంలో ఎవరో ఒకరు ఉండాలని దానర్థం.

నాడి ఎక్కడ దొరుకుతుంది?

పెద్ద పశువులో నాడి తోక అడుగు భాగాన దొరుకుతుంది. తోకను కొంచెం ఎత్తి, మొదలు నుంచి జానెడు లోపు దూరంలో, అడుగున మధ్య గీత వెంట రెండు వేళ్లు ఆనించాలి. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది, మరీ తేలికగా పెడితే తగలదు. మొదటిసారి దొరక్కపోతే నిరాశపడవద్దు. రెండు మూడు రోజులు పాలు పితికే ముందు ప్రయత్నిస్తే వేలికి అలవాటవుతుంది. దవడ అడుగు అంచున కూడా నాడి అందుతుంది. మేకలు, గొర్రెలు, లేగదూడల్లో వెనక తొడ లోపలి వైపు చూడటం తేలిక. బొటనవేలితో మాత్రం చూడవద్దు, మీ సొంత నాడే తగిలి లెక్క తప్పుతుంది.

లెక్క నిమిషం మొత్తం పెట్టాలి. పశువు కదిలితే కనీసం అరనిమిషం లెక్కించి రెండింతలు చేయాలి. కొత్త మనిషిని చూసి బెదిరినా, కుక్క మొరిగినా నాడి పెరుగుతుంది కాబట్టి రెండుసార్లు చూసి తక్కువ వచ్చిన అంకె రాసుకోవడం మంచిది. పెద్ద ఆవు కదలకుండా నిలబడి ఉండగా నాడి 100 దాటిందంటే తేలిగ్గా తీసుకోకూడదు. జ్వరంతో పాటు పెరిగిన నాడి జ్వరం తగ్గితే దిగుతుంది. జ్వరం లేకుండా రోజుల తరబడి 100 పైనే ఉంటే నొప్పి, రక్తహీనత, గుండె జబ్బు ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉందని అనుమానించాలి. రెండు మూడు రోజులుగా మేత తినని ఆవులో నాడి 40కి పడిపోవడం కూడా ఉంటుంది. అదొక్కటే చూసి గుండె జబ్బు అనుకోనక్కర్లేదు.

శ్వాసకు పశువును ముట్టుకోనవసరం లేదు. కాస్త దూరంగా, వెనక పక్కన నిలబడి డొక్క ఎగసిపడటాన్ని లెక్కపెట్టాలి. ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. వేసవి మధ్యాహ్నం గేదెలో శ్వాస బాగా పెరుగుతుంది. నల్లటి చర్మం, తక్కువ చెమట గ్రంథులు ఉన్న జంతువు కావడం వల్ల నీళ్లలో పడుకునే అలవాటు దానికి పుట్టింది. నోరు తెరిచి, నాలుక చాపి, చొంగ కారుస్తూ రొప్పుతుంటే వడదెబ్బ. అప్పుడు వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయాలి, డాక్టరు వచ్చేదాకా ఆపకూడదు. చల్లటి వేళ కూడా పశువు మెడ చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి కష్టపడి గాలి పీలుస్తుంటే ఊపిరితిత్తులో, గుండో చూడాలి.

నెమరు, ఎడమ డొక్క, కనురెప్ప

ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి నిలబడితే పెద్ద పొట్ట కదలిక చేతికి తెలుస్తుంది. రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు పిడికిలిని బయటికి నెట్టాలి. ఏ కదలికా లేకపోతే పొట్ట ఆగిపోయినట్టే. డొక్క డోలులా బిగిసి ఉబ్బితే కడుపు ఉబ్బరం. అప్పుడు నాడి, జ్వరం చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరును పిలవాలి.

కింది కనురెప్పను వేలితో దించి లోపలి పొర రంగు చూడటం ప్రతి రైతూ నేర్చుకోవాల్సిన పని. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగు. సున్నంలా తెల్లబడితే రక్తం తగ్గింది. పచ్చబడితే కామెర్లు. ఇటుక రంగులో ఎర్రబడితే తీవ్ర జ్వరం లేదా ఒంట్లో విషం చేరడం. మేకలు, గొర్రెల్లో ఈ పరీక్షకు ఉన్న విలువ ఇంకా ఎక్కువ. వానాకాలంలో పొట్టలో చేరి రక్తం తాగే నట్టలను పేడ పల్చబడక ముందే ఇది పట్టిస్తుంది. రెప్ప తెల్లబడి, దవడ కింద సంచిలా నీరు దిగిన గొర్రెకు నట్టల మందు ఆ రోజే వేయించాలి.

గుండె చప్పుడు వినడం

పశువు గుండె ఛాతీలో కొంచెం ఎడమ వైపుకు, మోచేతి వెనక ఉంటుంది. ఎడమ ముందుకాలిని ఒక అడుగు ముందుకు వేయించి, మోచేతి వెనక, కొద్దిగా లోపలికి అరచేయి ఆనిస్తే బక్కపలచటి పశువులో కొట్టుకోవడం తెలుస్తుంది. స్టెతస్కోపు ఉంటే దాని బిళ్లను మోచేతి కిందికి, ముందుకు జరిపి పెట్టాలి. లేకపోతే చెవి ఆనించినా వినబడుతుంది, ఎద్దులు, తన్నే గేదెల దగ్గర మాత్రం ఆ పని వద్దు. కుడి వైపు కూడా తప్పక వినాలి. ఎందుకో కింద చెబుతాం.

వినిపించేవి రెండు చప్పుళ్లు. "లబ్" అని కొంచెం బరువుగా, సాగి ఒకటి, వెంటనే "డప్" అని పొట్టిగా ఇంకొకటి, తర్వాత కాస్త ఖాళీ. గుండెలోని కవాటాలు మూసుకునేటప్పుడు వచ్చే చప్పుళ్లు ఇవి. ఇంజను బోరు నీళ్లు పోసే పైపులో వాల్వు టప్పున పడినట్టే. రెండు చప్పుళ్లు కలిపి ఒక్క దెబ్బగా లెక్కించాలి, లేకపోతే 60 కాస్తా 120 అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పశువు గుండెను నాలుగైదుసార్లు విన్నవారికే తేడా తెలుస్తుంది. నాలుగు విషయాలు గమనించాలి. చప్పుళ్ల మధ్య ఎడం సమంగా ఉందా, లేక ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా పడుతోందా? గట్టిగా ఉందా, దుప్పటి కప్పినట్టు మందంగా ఉందా? రెండు వైపులా వినబడుతోందా? లబ్, డప్ కాకుండా మధ్యలో ఇంకేదైనా శబ్దం ఉందా? కడుపు ఉబ్బరం, అజీర్తి ఉన్న ఆవుల్లో లయ తప్పడం కొన్నిసార్లు కనిపిస్తుంది. పొట్ట బాగుపడితే అది సర్దుకుంటుంది.

మర్మర్ అంటే ఏమిటి?

లబ్, డప్‌ల మధ్య ఖాళీలో "ఉష్...", "స్స్..." అని గాలి దూసుకుపోతున్నట్టు వినిపించే శబ్దాన్ని డాక్టర్లు మర్మర్ అంటారు. కాలువలో నీరు నిదానంగా పారుతుంటే చప్పుడు రాదు. తూము సగం మూసినా, గండి పడినా, నీరు పల్చగా వడిగా ఉరికినా సవ్వడి వస్తుంది. గుండెలోనూ అంతే. కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి చిమ్మడం, కవాటం దారి ఇరుకు కావడం, గదుల మధ్య గోడకు రంధ్రం ఉండటం, రక్తం మరీ పల్చబడటం. ఇవే ముఖ్యమైన కారణాలు. మర్మర్ అనేది ఒక గుర్తు మాత్రమే. దాని పేరు వినగానే పశువు ఇక బతకదని భయపడటం, అలాగే "అదేం లేదు, తినేస్తుంది" అని కొట్టిపారేయడం రెండూ తప్పే.

తొందరగా నయమయ్యేది రక్తహీనత వల్ల వచ్చే మర్మర్. పిడుదుల ద్వారా వచ్చే థైలేరియా, బబేసియా జబ్బుల్లో రక్తకణాలు నాశనమై రక్తం నీళ్లలా మారుతుంది. దాన్ని తిప్పడానికి గుండె వేగం పెంచుతుంది, సవ్వడి మొదలవుతుంది. రెప్ప తెల్లగా ఉంటుంది. బబేసియాలో మూత్రం కాఫీ రంగులో వస్తుంది. సంకర జాతి ఆవుల్లో ఈ జబ్బులు ఎక్కువ. అసలు జబ్బుకు మందు పడి రక్తం కోలుకుంటే సవ్వడి కూడా పోతుంది. ఈ దశలో పశువును ఆసుపత్రికని కిలోమీటర్లు నడిపించడం ప్రాణాంతకం. గుండె అప్పటికే శక్తికి మించి పనిచేస్తోంది.

రెండోది కవాటం మీద చీము పొర కట్టడం. ముదిరిన పొదుగువాపు, మాయ పడక గర్భాశయంలో కుళ్లు, గిట్టల పుండు, కాలేయంలో గడ్డ, ఇలా ఒంట్లో ఎక్కడో ఉన్న చీములోని క్రిములు రక్తంలో కొట్టుకొచ్చి గుండె కవాటం మీద కూర్చుంటాయి. ఆవుల్లో ఇది ఎక్కువగా గుండె కుడి వైపు కవాటానికి వస్తుంది. కుడి వైపు కూడా వినాలన్నది ఇందుకే. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. పాలు తగ్గుతాయి, పశువు చిక్కిపోతుంది, ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటుతుంది. ఇంజెక్షన్ వేసిన మూడు రోజులు బాగుంటుంది, ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. వైద్యం వారాల తరబడి సాగాలి, అయినా కోలుకునేవి తక్కువ. అందుకని ఖర్చు, ఆశ రెండింటి గురించీ డాక్టరుతో ముందే విడమరిచి మాట్లాడుకోవాలి. మా అభిప్రాయంలో ఈ జబ్బుకు అసలు మందు పొదుగువాపును, గిట్టల పుండును మొదటి వారంలోనే పూర్తి కోర్సుతో నయం చేసుకోవడమే. రెండు ఇంజెక్షన్లు వేయించి పాలు సరిపడగానే మూడోది మానేసే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది.

మూడోది పుట్టుకతో వచ్చేది. దూడల్లో గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉండిపోతే సవ్వడి గట్టిగా, రెండు వైపులా వినిపిస్తుంది. ఆ దూడ పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పుతుంది, తోటి దూడల కంటే ఎదగదు. రంధ్రం చిన్నదైతే కొన్ని పెద్దవై మామూలుగానే బతుకుతాయి. పెద్దదైతే మన దగ్గర చేయగల వైద్యం లేదు. పెయ్యదూడ అయితే దాన్ని చూడి కట్టించే ముందు డాక్టరుకు చూపించాలి.

మేకు, తీగ ముక్క: గుండెకు ప్రమాదం పొట్ట నుంచే

గుండె జబ్బుల్లో మన పశువులకు ఎక్కువ నష్టం చేసేది, రైతు చేతుల్లోనే నివారణ ఉన్నది ఇది. పశువు మేతను నమలి తినదు, నాలుకతో చుట్టి మింగేసి తర్వాత నెమరు వేస్తుంది. వరిగడ్డిలోనో, దాణాలోనో ఉన్న తీగముక్క, మేకు, సూది పెదవులకు తెలియకుండానే లోపలికి వెళ్తుంది. బరువైన ఇనుము పొట్టలోని తేనెపట్టు గదిలో దిగబడుతుంది. ఆ గదికీ గుండెకూ మధ్య ఉన్నది ఒక పల్చటి పొర, అంగుళాల దూరం మాత్రమే. పొట్ట కదిలిన ప్రతిసారీ మేకు కొంచెం కొంచెం ముందుకు దూసుకుపోతుంది. నిండుచూడి, ఈనేటప్పటి నొప్పులు, లారీ ప్రయాణం దాన్ని మరింత నెడతాయి.

మొదటి రోజు పాలు ఉన్నట్టుండి సగానికి పడిపోతాయి. మేత ముట్టదు, నెమరు ఆగుతుంది, జ్వరం 103, 104 ఉంటుంది. నడుము పైకి వంచి, మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. పడుకునేటప్పుడు, పేడ వేసేటప్పుడు మూలుగుతుంది. పల్లానికి దిగనంటుంది. భుజాల మధ్య వెన్ను చర్మాన్ని చేత్తో గట్టిగా పట్టి పైకి లాగితే ఆరోగ్యంగా ఉన్న ఆవు నడుము కిందికి దించుతుంది. లోపల నొప్పి ఉన్నది దించకుండా బిగబట్టి మూలుగుతుంది. ఈ దశలో డాక్టరు చూస్తే ఆపరేషన్ చేసి మేకు తీయవచ్చు. ముందుకాళ్లు ఎత్తుగా ఉండేలా మెట్టు మీద కట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, అయస్కాంతం మింగించి కాపాడినవీ ఉన్నాయి.

నాలుగైదు రోజులకు నొప్పి తగ్గి పశువు కొంచెం తినడం మొదలుపెడుతుంది. రైతు ఇక్కడే మోసపోతాడు. అజీర్తి తగ్గిందనుకుంటాడు. మేకు గుండె సంచిలోకి చేరి ఉంటే, కొన్ని వారాల్లో ఆ సంచి నిండా చీము, నీరు చేరుతుంది. అప్పుడు వింటే గుండె చప్పుడు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మందంగా ఉంటుంది. లేదా సగం నిండిన కుండను ఊపినట్టు గలగల, చిలచిల శబ్దం కలుస్తుంది. నాడి 100 దాటుతుంది. మెడ పక్కన సిర తాడులా ఉబ్బి నిలబడుతుంది. గంగడోలు, ముందుకాళ్ల మధ్య భాగం, దవడ కింద నీరు దిగి మెత్తగా వాస్తాయి. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. ఇంతదాకా వస్తే బతికే అవకాశం చాలా తక్కువ. గంగడోలు వాపును దెబ్బ తగిలిందనుకుని పసుపు పట్టీలు వేస్తూ రోజులు గడపడం మన ఊళ్లలో తరచూ జరుగుతోంది.

మెడ సిరను పరీక్షించడం తేలిక. పశువు తల మామూలుగా నిలిపి ఉండగా, మెడ మధ్యలో సిర మీద బొటనవేలు నొక్కి పట్టాలి. నొక్కిన చోటుకు పైన నిండి ఉబ్బుతుంది, కింద ఛాతీ వైపు భాగం ఖాళీ అయిపోవాలి. కింది భాగం ఖాళీ కాకుండా ఉబ్బే ఉంటే, లేదా కింది నుంచి పైకి కొట్టుకుంటూ ఉంటే రక్తం గుండెలోకి సాఫీగా పోవడం లేదు. మెడ మొదట్లో చిన్న అల కనిపించడం మామూలే.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. గడ్డిమోపులు ఇనుప తీగతో కట్టవద్దు, కట్టినవి కొంటే తీగ విప్పి లెక్కపెట్టి పక్కన పెట్టాలి. ఇల్లు కట్టిన చోట, పాత టైర్లు కాల్చిన చోట మేపవద్దు. టైరు బూడిదలో మిగిలే సన్నటి తీగలు సూదుల్లాంటివి. ఒక గట్టి అయస్కాంతాన్ని కర్రకు కట్టి మేతతొట్టిలో, దాణా బస్తాలో తిప్పితే ఎంత ఇనుము అంటుకుంటుందో చూసి ఆశ్చర్యపోతారు. కొట్టంలో కూర్చుని సూది దారం పట్టుకోవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. పశువు పొట్టలో ఉంచే ప్రత్యేక అయస్కాంతాలు దొరుకుతాయి, డాక్టరు సలహాతో వేయించవచ్చు.

పాల జ్వరం, కాల్షియం సీసా

ఎక్కువ పాలిచ్చే పశువు ఈనిన ఒకటి రెండు రోజుల్లో తూలుతూ పడిపోయి, మెడ ఒక పక్కకు తిప్పి డొక్కకు ఆనించి పడుకుంటే పాల జ్వరం. పేరులో జ్వరం ఉన్నా థర్మామీటరు మామూలు కంటే తక్కువ చూపుతుంది. గుండె వేగంగా, కానీ నీరసంగా, వినీ వినబడనట్టు కొట్టుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం.

సిరలోకి కాల్షియం ఎక్కిస్తే పడుకున్న పశువు కళ్లముందే లేచి నిలబడుతుంది. అది చూసిన కొందరు మరుసటి ఈతకు తామే సీసా కొని, తెలిసినవాళ్లతో ఎక్కించేస్తున్నారు. ఇది చాలా ప్రమాదం. కాల్షియం వేగంగా వెళ్తే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. డాక్టరు సీసా ఎక్కిస్తూ మధ్యమధ్యలో స్టెతస్కోపు పెట్టి వినేది, చప్పుడు తేడా రాగానే ఆపేది అందుకే. ఆయన రావడానికి ఆలస్యమైతే మీరు చేయగలిగింది పశువును ఛాతీ మీద నిటారుగా కూర్చోబెట్టి, రెండు పక్కలా గడ్డిమోపులు ఆనించడం. నోట్లో ఏ మందూ, గంజీ పోయవద్దు. మింగే శక్తి లేని పశువుకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గాలికుంటు వచ్చిన మందలో దూడలు

గాలికుంటు వ్యాధిలో పెద్ద పశువులకు నోట్లో, గిట్టల్లో పుండ్లు కనిపిస్తాయి. పాలు తాగే దూడల్లో మాత్రం వైరస్ నేరుగా గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. నోట్లో ఒక్క పుండు లేకుండానే, పాలు తాగుతూనో, గంతులేస్తూనో దూడ పడి చనిపోవచ్చు. మందలో గాలికుంటు కనబడగానే దూడలను వేరుచేసి, పరుగెత్తనీయకుండా నీడలో ఉంచాలి. నాడి, శ్వాస బాగా పెరిగిన దూడను డాక్టరుకు చెప్పాలి. జబ్బు తగ్గిన పెద్ద పశువులు కొన్ని ఆ తర్వాత నెలల తరబడి ఎండకు తట్టుకోలేక రొప్పుతుంటాయి. ప్రభుత్వం వేసే గాలికుంటు టీకాను తప్పించుకోకుండా వేయించడం ఈ రెంటికీ రక్షణ.

సంతలో కొనేటప్పుడు

పొదుగు, పళ్లు, సుడులు చూసే రైతు గంగడోలు కూడా చూడాలి. పశువును నీడలో పావుగంట నిలబెట్టి శ్వాస లెక్కపెట్టండి. మెడ సిర నొక్కి చూడండి. కనురెప్ప దించి చూడండి. కొంచెం పల్లానికి నడిపించండి. అమ్మేవాడు "లారీలో వచ్చి అలిసింది" అంటే, గంట ఆగి మళ్లీ లెక్కించండి. అలసట అయితే గంటలో తగ్గుతుంది. లక్ష రూపాయల గేదె కొనేటప్పుడు ఆ గంట వృథా కాదు.

ఎప్పుడు పిలవాలి, ఏం చెప్పాలి

జ్వరం 104 దాటినా, పెద్ద పశువుకు 100 కంటే తగ్గి ఒళ్లు చల్లబడినా (గేదెకైతే 99 కంటే తగ్గితే), నిశ్చలంగా ఉండగా నాడి 100 దాటినా, చల్లటి వేళ రొప్పుతున్నా, పూటకు పైగా నెమరు లేకున్నా, గంగడోలు వాచినా ఆగకుండా పిలవండి. 105, 106 జ్వరంతో గొంతు వాచి గురక పెడుతుంటే అది గొంతువాపు వ్యాధి కావచ్చు. దానికి గంటల లెక్కే ఉంటుంది, తెల్లారేదాకా ఆగితే పశువు దక్కదు.

డాక్టరు చూడకముందే జ్వరం మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు వేయవద్దు. జ్వరం కప్పబడిపోయి అసలు జబ్బు తెలియకుండా పోతుంది. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం రాబందుల కోసం 2006లోనే నిషేధించారు, మనుషుల మందును తెచ్చి వేయడం కూడా నేరమే.

ఫోన్‌లో ఇలా చెప్పండి: "డాక్టరు గారూ, రెండో ఈత ముర్రా గేదె, ఈని 20 రోజులైంది. నిన్న పొద్దున 6 లీటర్లు ఇచ్చింది, ఈరోజు 2 లీటర్లు. జ్వరం 103.5, నాడి 88, శ్వాస 36. నెమరు లేదు, ఎడమ డొక్కలో కదలిక తెలియడం లేదు. వెన్ను పట్టి లాగితే మూలుగుతోంది. మందులేమీ వేయలేదు." ఇంత చెప్పడానికి అరనిమిషం చాలు.

దగ్గరలో పశువైద్యశాల లేకపోతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వాహనం వచ్చేలోగా పశువును నీడలో, తల ఎత్తుగా ఉండేలా ఉంచి, ముందు నీళ్లు పెట్టి, అరగంటకోసారి నాడి, శ్వాస చూసి వేళతో సహా రాసి ఉంచండి. కొట్టంలో వెలుతురు, కడుక్కోవడానికి బకెట్ నీళ్లు, సబ్బు, పశువును పట్టుకోవడానికి ఇంకో మనిషి సిద్ధంగా ఉండాలి.